రాళ్ల కోసం తీసిన పిత్తాశయంలో గ్రాన్యులోమా: మందులకు ముందు అడగవలసిన ప్రశ్నలు

మీ అమ్మగారికి 54 ఏళ్లు. రెండేళ్లుగా కుడి డొక్కలో నొప్పి వస్తూ పోతూ ఉండడం, స్కానింగులో రాళ్లు కనిపించడం వల్ల మూడు వారాల క్రితం లాపరోస్కోపీ పద్ధతిలో పిత్తాశయం తీసేశారు. కుట్లు మాని ఆమె ఇంట్లో మామూలుగా తిరుగుతున్న సమయంలో బయాప్సీ రిపోర్టు వచ్చింది. అందులో ‘గ్రాన్యులోమాటస్ కోలిసిస్టైటిస్, క్షయ ఉన్నదేమో పరిశీలించాలి’ అని ఉంది. ఒక డాక్టరుగారు ఆరు నెలల టీబీ మందులు రేపే మొదలుపెట్టమన్నారు, మరొకరు రాళ్లున్న తిత్తిలో ఇది మామూలే, పట్టించుకోవద్దన్నారు, మధ్యలో బంధువులెవరో క్యాన్సర్ మాట ఎత్తారు. ఇదీ మీరు రాసిన విషయం.

ఆ ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, అయితే ఇద్దరూ ఒక మెట్టు దాటేశారని నా అభిప్రాయం. 30 ఏళ్లకు పైగా పాథాలజీ విభాగంలో ఉండి, వేల కొద్దీ పిత్తాశయాలను స్వయంగా కోసి, మైక్రోస్కోపు కింద చూసినవాణ్ణి కాబట్టి ఆ మెట్టు గురించే వివరంగా రాస్తాను. కోలిసిస్టైటిస్ అంటే పిత్తాశయపు వాపు. గ్రాన్యులోమా అన్నది జబ్బు పేరు కాదు. కణజాలంలో కనిపించిన ఒక రూపానికి పెట్టిన పేరు. ఇంటి గోడ చూసి ‘బీట తీసింది’ అని మేస్త్రీ చెబితే ఎంత సమాచారం అందుతుందో ఆ రిపోర్టులోనూ అంతే సమాచారం ఉంది. పునాది కుంగి బీట వచ్చిందా, చెమ్మ దిగి వచ్చిందా, పక్కనున్న చెట్టు వేరు తోసి వచ్చిందా అన్నది తేల్చకుండా మరమ్మతు మొదలుపెట్టరు. అలాగని బీటను చూసీ చూడనట్టు వదిలేయరు కూడా.

మన శరీరంలో చెత్తను, క్రిములను మింగి అరిగించే కణాలు ఉంటాయి. వాటిని మాక్రోఫేజ్‌లు అంటారు. మింగినది అరగకపోతే అవి అక్కడే నిలిచిపోయి, ఉబ్బి, ఒకదానికొకటి ఆనుకుని గుంపు కడతాయి. వాటిలో కొన్ని కలిసిపోయి, పదీ ఇరవై కేంద్రకాలున్న ఒకే పెద్ద కణంగా మారతాయి. చుట్టూ లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు చేరతాయి. ఆ గుంపే గ్రాన్యులోమా. క్షయ క్రిమికి మైనం లాంటి పొర ఉంటుంది కాబట్టి అది అరగదు. కొలెస్టరాల్ పలుకు అరగదు. పేగు పురుగు గుడ్డు మీది పెంకు అరగదు. పాత ఆపరేషనులో మిగిలిన కుట్టుదారం అరగదు. కొన్ని రకాల బూజు అరగదు. కారణాలు ఇన్ని ఉన్నా శరీరం కట్టే గూడు చూపుకు ఇంచుమించు ఒకేలా ఉంటుంది, చిక్కంతా అక్కడే ఉంది. కాబట్టి పాథాలజిస్టు పని గూడు కనిపించిందని రాయడంతో ముగియదు, ఆ గూడు దేని చుట్టూ కట్టిందో వెతకడమే అసలు పని.

పిత్తాశయంలో, అందులోనూ రాళ్లున్న పిత్తాశయంలో, అన్నిటికన్నా తరచుగా కనిపించే కారణం క్షయ కాదు, క్యాన్సర్ కాదు, పసరే, అంటే కాలేయం నుంచి వచ్చే పిత్తరసమే. ఇది ఎలా జరుగుతుందో అర్థమైతే మీ ఆందోళన చాలావరకు తగ్గుతుంది. పిత్తాశయం 7 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుండే చిన్న తిత్తి, 30 నుంచి 50 మిల్లీలీటర్ల పసరు పడుతుంది, ఆరోగ్యంగా ఉన్నప్పుడు గోడ మందం 3 మిల్లీమీటర్లకు మించదు. పేగు గోడలో లోపలి పొరకూ కండరానికీ మధ్య మెత్తని పరుపులాంటి పొర ఒకటి ఉంటుంది, పిత్తాశయానికి అది లేదు. రాయి వచ్చి తిత్తి మెడ దగ్గర అడ్డుపడినప్పుడల్లా లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే లోపలి పొర కండరపు పోగుల సందుల్లోంచి చిన్న చిన్న సంచుల్లా గోడలోకి చొచ్చుకుపోతుంది. వాటికి రోకిటాన్‌స్కీ–ఆషాఫ్ సైనస్‌లని పేరు. రాళ్లున్న పిత్తాశయాన్ని కోస్తే ఇవి కనిపించడం మామూలు విషయమే, ఇవి ఉన్నాయని రిపోర్టులో రాసినా భయపడనక్కర లేదు. అయితే వాటిలో పసరు నిలిచి చిక్కబడుతుంది, గట్టిగా నొప్పి వచ్చిన ఏదో ఒక పూట వాటిలో ఒకటి చిట్లితే ఆ పసరు గోడలోకే కారుతుంది.

చేప కడిగేవారికి ఈ సంగతి చెప్పనక్కర లేదు. కడుపులోని ఆకుపచ్చని చేదు తిత్తిని గోరు తగలకుండా ఎంత జాగ్రత్తగా తీస్తారో, పొరపాటున అది చిట్లితే ఆ చుట్టుపక్కల మాంసం పచ్చబడి, ఎన్ని నీళ్లు పోసి కడిగినా చేదు ఎలా వదలదో చూసే ఉంటారు. మనిషి పిత్తాశయపు గోడలో జరిగేదీ అదే. గోడలోకి కారిన పసరులోని కొలెస్టరాల్‌ను, కొవ్వును మాక్రోఫేజ్‌లు మింగి నురగలా ఉబ్బిపోతాయి, గుంపులు కడతాయి, చుట్టూ నారలాంటి మచ్చ పెరుగుతుంది, గోడ మందమెక్కి పసుపు గడ్డలు తేలుతాయి. దీన్నే జాంథోగ్రాన్యులోమాటస్ కోలిసిస్టైటిస్ అంటారు. జాంథోస్ అంటే గ్రీకులో పసుపు. 1970లో అమెరికాలో క్రిస్టెన్‌సెన్, ఇషాక్ అనే పాథాలజిస్టులు పిత్తాశయంలో గడ్డల్లా భ్రమింపజేసే మార్పులను వివరిస్తూ దీన్ని ప్రస్తావించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు 1976లో వచ్చింది. 1981లో గుడ్‌మన్, ఇషాక్ 40 కేసులను ఒకచోట చేర్చి దీని స్వరూపాన్ని స్థిరపరిచారు. పశ్చిమ దేశాల్లో తీసిన పిత్తాశయాల్లో ఇది నూటికి ఒకటి రెండుకు మించకపోగా, ఉత్తర భారతదేశపు ఆసుపత్రుల లెక్కల్లో అంతకు కొన్ని రెట్లు కనిపిస్తుంది. మన దగ్గర రాళ్లతో చాలాకాలం నెట్టుకొచ్చి చివరికి ఆపరేషనుకు వచ్చేవారు ఎక్కువ కావడం దీనికి ఒక కారణమని నేను అనుకుంటాను.

ఈ తేడా బల్ల మీద ఎలా కనిపిస్తుందో చెబుతాను, ఎందుకంటే మీ అమ్మగారి పిత్తాశయాన్ని చూసిన పాథాలజిస్టు కూడా ఇవే చూసి ఉండాలి. డబ్బా మూత తీయగానే, తిత్తి కుళ్లకుండా పోసిన ఫార్మలిన్ ద్రావకపు ఘాటు కళ్లకు తగులుతుంది. తిత్తి అడుగు నుంచి మెడ దాకా కత్తెర నడిపి తెరిస్తే రాళ్లు ట్రేలోకి గలగలమని రాలతాయి. ఉత్తరాదిలో పసుపుపచ్చని కొలెస్టరాల్ రాళ్లు ఎక్కువ, మన దక్షిణాదిలో నల్లగా, వేలితో నొక్కితే నలిగే పిగ్మెంట్ రాళ్ల వాటా కూడా పెద్దదే. మామూలు పిత్తాశయం లోపలి వైపు ఆకుపచ్చని మఖమలు గుడ్డలా ఉంటుంది. జాంథోగ్రాన్యులోమా ఉన్నదానిలో గోడ 8, 10 మిల్లీమీటర్ల దాకా మందమై, కోసిన అంచులో శనగపప్పు రంగు గడ్డలు స్పష్టంగా తెలుస్తాయి. అదే క్షయ అయితే, అది కంటికి కనిపించేంత ముదిరితే, గోడలో తెల్లగా, జున్ను ముక్కలా పొడిపొడిగా రాలే చోట్లు ఉంటాయి, తిత్తి మెడ దగ్గరి లింఫు గ్రంథి ఉబ్బి ఉండవచ్చు. తొలి దశలో అయితే కంటికి ఏదీ తెలియదు, మైక్రోస్కోపే దిక్కు.

మైక్రోస్కోపు కింద చూడవలసిన మొదటి విషయం గ్రాన్యులోమా మధ్యభాగం. మధ్యలో కణాలన్నీ చచ్చి, రూపురేఖలు లేని గులాబీరంగు ముద్దగా మారిపోయి ఉంటే, దాన్ని కేసియేషన్ అంటారు, అప్పుడు క్షయ అనుమానం బలపడుతుంది. అంచున కేంద్రకాలు గుర్రపు నాడా ఆకారంలో పేర్చినట్టుండే లాంగ్‌హాన్స్ పెద్ద కణాలు కూడా తోడైతే అనుమానం ఇంకా పెరుగుతుంది, అయితే ఆ కణాలు ఒక్కటే ఉన్నంత మాత్రాన క్షయ అనడానికి లేదు. అలా కాకుండా నురగ కణాలు, సూదుల్లా సన్నని ఖాళీ చీలికలు, బంగారు గోధుమరంగు పసరు ముద్దలు, వాటిని మింగి కూర్చున్న పెద్ద కణాలు కనిపిస్తే అది పసరు తెచ్చిన గ్రాన్యులోమా. ఆ సూది చీలికలు కొలెస్టరాల్ పలుకులు ఉన్న చోట్లు. స్లైడు తయారీలో కొలెస్టరాల్ కరిగిపోయి ఖాళీ మిగులుతుంది. మీ రిపోర్టులో ఈ వివరం ఏదీ లేకుండా ‘గ్రాన్యులోమాలు ఉన్నాయి’ అని మాత్రమే ఉంటే, అది సగం రిపోర్టు.

మిగిలిన కారణాలను క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీ అమ్మగారి విషయంలో వాటికి అవకాశం తక్కువ. ఏలికపాము పిత్తనాళంలోకి ఎక్కితే దాని గుడ్లు గోడలో చిక్కుకుని గ్రాన్యులోమా కట్టవచ్చు, కాశ్మీరులో పిత్తనాళాల్లోకి ఏలికపాములు చేరిన కేసులు చాలా చూశారు. ఆఫ్రికాలో పనిచేసి వచ్చినవారిలో షిస్టోసోమా అనే రక్తనాళాల పురుగు గుడ్ల కోసం వెతకాలి. సార్కాయిడోసిస్, క్రోన్స్ జబ్బు ఉన్నవారిలో పిత్తాశయానికీ ఆ మార్పులు రావచ్చు, కానీ అలాంటివారికి ఊపిరితిత్తుల్లోనో పేగుల్లోనో అంతకుముందే ఏదో ఒక సూచన ఉంటుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో ఫంగస్ ఒక కారణం. గతంలో పిత్తాశయంలోకి గొట్టం వేసి చీము తీసినవారిలో, ఆ ప్రాంతంలో మరేదైనా ఆపరేషను జరిగినవారిలో కుట్టుదారం, పౌడరు వంటివి గ్రాన్యులోమా కట్టిస్తాయి. వాటిని పోలరైజ్డ్ వెలుతురులో చూస్తే చీకట్లో గాజుపెంకుల్లా మెరుస్తాయి.

ఇక క్షయ. దీన్ని నేను తేలిగ్గా తీసుకోమనడం లేదు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు, అందువల్ల ఇక్కడ ఏ అవయవంలో గ్రాన్యులోమా కనిపించినా క్షయ కాదని తేల్చుకున్నాకే ముందుకు పోవాలి. అయినా పిత్తాశయపు క్షయ నిజంగా అరుదు. పసరులోని ఆమ్లాలు క్షయ క్రిమికి పడవు, ఆరోగ్యంగా ఉన్న తిత్తిలో ఎప్పటికప్పుడు చిక్కని పసరు ప్రవహిస్తుంటే ఆ క్రిమి కాలూనలేదు. అది పట్టు దొరకబుచ్చుకునేది రాయి అడ్డుపడి కొత్త పసరు రావడం ఆగిపోయినప్పుడు, లోపలి పొర ఒరుసుకుపోయి పుండ్లు పడినప్పుడు. అందుకే ఇప్పటివరకు నమోదైన కేసుల్లో ఎక్కువమందికి రాళ్లు కూడా ఉన్నాయి. రాళ్లు ఉన్నాయి కాబట్టి క్షయ కాదు అనే మీ రెండో డాక్టరుగారి వాదన నిలవనిది ఇక్కడే. క్రిమి రక్తం ద్వారా రావచ్చు, లింఫు గ్రంథుల నుంచి రావచ్చు, కడుపు లోపలి పొరకు పట్టిన క్షయ అక్కడి నుంచి పాకవచ్చు. లక్షణాలు రాళ్ల నొప్పిలాగే ఉంటాయి, స్కానింగులో తేడా తెలియదు. ఆపరేషనుకు ముందే దీన్ని పసిగట్టినవారు అరుదు, దాదాపు అందరిలోనూ బయాప్సీలోనే బయటపడుతుంది.

రాబర్ట్ కోఖ్ క్షయ క్రిమిని కనుగొన్నానని ప్రకటించింది 1882 మార్చి 24న, బెర్లిన్‌లో. కార్ల్ లాంగెన్‌బుఖ్ రాళ్లతో బాధపడుతున్న ఒక రోగి పిత్తాశయాన్ని మొట్టమొదటిసారి పూర్తిగా తీసేసింది అదే ఏడాది జూలై 15న, అదే ఊళ్లో. నాలుగు నెలల తేడాతో ఒకే నగరంలో జరిగిన ఆ రెండు పనులూ మీ అమ్మగారి రిపోర్టులో కలుసుకున్నాయి.

క్షయను రుజువు చేయడానికి పాథాలజిస్టు చేతిలో ఉన్న మొదటి పరికరం జీల్–నీల్సన్ రంగు. ఎర్రని రంగు పోసి, వేడి చేసి, ఆమ్లంతో కడిగితే మిగతావన్నీ రంగు వదిలేస్తాయి, క్షయ క్రిమి మాత్రం వదలదు. నీలం నేపథ్యం మీద ఎర్రని సన్నని పుల్లలా నిలబడుతుంది. అయితే కణజాలంలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి, ఒక స్లైడులో లేవంటే క్షయ లేదని కాదు. నాకు బాగా గుర్తున్న ఒక కేసులో, నలభై దాటిన ఒక రైతు కూలీ పిత్తాశయంలో కేసియేషన్ ఉన్న గ్రాన్యులోమాలు కనిపించాయి. కణజాలపు ముక్కను మైనంలో పొదిగిన దిమ్మను బ్లాకు అంటారు. మొదటి బ్లాకు నుంచి తీసిన స్లైడులో ఏమీ దొరకలేదు. రెండో బ్లాకులోనూ లేదు. మూడో బ్లాకుకు రంగు వేయించి, వంద రెట్ల ఆయిల్ లెన్సు కింద ఒక్కో పొరా జరుపుతూ సాయంత్రం దాకా కూర్చున్నాను. చచ్చిన ముద్దకూ బతికున్న కణాలకూ మధ్య అంచులో, ఒకదానికొకటి కొంచెం వంగి, రెండే రెండు ఎర్రని పుల్లలు కనిపించాయి. ఆ రెండింటి ఆధారంతోనే రిపోర్టు రాశాను. తరువాత తీసిన సీటీ స్కానులో కడుపులో లింఫు గ్రంథులు కూడా బయటపడ్డాయి. ఆమె ఆరు నెలలు మందులు వాడి, బరువు పెరిగి, మళ్లీ పనికి వెళ్లింది. అంత ఓపిక ప్రతి స్లైడుకూ అవసరం లేదు, కానీ కేసియేషన్ ఉన్న స్లైడుకు తప్పనిసరి.

దీనికి విరుద్ధంగా జరిగిన మరో సంగతి కూడా చెప్పాలి. ఒక చిన్న ల్యాబు నుంచి రెండు వాక్యాల రిపోర్టుతో వచ్చిన యాభై ఏళ్ల వ్యక్తికి అప్పటికే టీబీ మందులు మొదలయ్యాయి. అయిదో వారానికి కళ్లు పచ్చబడి, అన్నం సయించక, వాంతులతో ఆసుపత్రిలో చేరాడు. మందుల వల్ల కాలేయం దెబ్బతిన్నదని తేలింది. అప్పుడుగానీ ఆ బ్లాకు తెప్పించలేదు. నేను చూసిన ప్రతి గ్రాన్యులోమాలోనూ నురగ కణాలు, పసరు ముద్దలు, కొలెస్టరాల్ చీలికలే ఉన్నాయి, కేసియేషన్ ఎక్కడా లేదు, రంగుల్లో క్రిమి లేదు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. మందులు ఆపితే కొన్ని వారాల్లో కోలుకున్నాడు. ఆ స్లైడును రెండోసారి చూపించడానికి పట్టే సమయం మూడు రోజులు. మీ మొదటి డాక్టరుగారు తొందరపడ్డారని నేను అనడానికి కారణం ఇదే. పిత్తాశయపు గ్రాన్యులోమా రేపటికి ప్రాణం మీదికి వచ్చే విషయం కాదు. తిత్తిని ఎలాగూ తీసేశారు. జ్వరం, బరువు తగ్గడం, కడుపులో నీరు వంటివి లేనప్పుడు సరిగ్గా తేల్చుకోవడానికి రెండు వారాలు తీసుకుంటే ఏ నష్టమూ లేదు.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని ఆ ల్యాబు నుంచి స్లైడులను, మైనపు బ్లాకులను తీసుకోవడం. ఇవి అడిగి తీసుకునే హక్కు మీకు ఉంది, ల్యాబువారు సంతకం తీసుకుని ఇస్తారు. వాటితోపాటు ఆపరేషను నోట్సు నకలు కూడా తీసుకోండి. కడుపులో తెల్లని రవ్వలాంటి చుక్కలు కనిపించాయని గానీ, నీరు ఉందని గానీ, గ్రంథులు ఉబ్బి ఉన్నాయని గానీ సర్జన్ రాసి ఉంటే క్షయ వైపు మొగ్గు చాలా పెరుగుతుంది. గోడ మందంగా ఉండి చుట్టుపక్కల అంటుకుపోయిందని మాత్రమే ఉంటే అది రెండింటిలో ఏదైనా కావచ్చు. బోధనాసుపత్రిలో గానీ, రోజూ పిత్తాశయాలు చూసే పెద్ద ల్యాబులో గానీ ఒక పాథాలజిస్టుకు ఇవన్నీ చూపించి కొన్ని సూటి ప్రశ్నలు అడగండి. కేసియేషన్ ఉందా? జీల్–నీల్సన్, ఫంగస్ రంగులు వేశారా, ఎన్ని బ్లాకుల మీద వేశారు? నురగ కణాలు, పసరు, కొలెస్టరాల్ చీలికలు ఉన్నాయా? తిత్తి మొత్తం నుంచి తగినన్ని ముక్కలు చూశారా, ఎక్కడైనా క్యాన్సర్ గానీ, దానికి ముందుండే డిస్‌ప్లేసియా గానీ ఉందా?

మైనపు బ్లాకు మీద, క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ పరీక్ష కూడా చేయించవచ్చు. కొన్ని గంటల్లోనే క్షయ క్రిమి ఉన్నదీ లేనిదీ, రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో రెండూ చెబుతుంది. పాజిటివ్ వస్తే దాదాపు తేలిపోయినట్టే. అయితే ఫార్మలిన్‌లో నానిన ముక్కలో క్రిమి జన్యుపదార్థం ముక్కలైపోయి ఉంటుంది, అందువల్ల నెగటివ్ వచ్చినంత మాత్రాన క్షయ లేదని చెప్పలేం. క్రిమిని పెంచి చూసే కల్చరు పరీక్షకు ఇప్పుడు వీలు లేదు, ఫార్మలిన్‌లో క్రిములు చచ్చిపోతాయి. చేతికి అందవలసిన రుజువు డబ్బాలోనే పోవడం చూసి నేను బాధపడిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇది చదివే సర్జన్లు ఎవరైనా ఉంటే వారికి ఒక విన్నపం. తిత్తి తెరిచినప్పుడు గోడ అనుమానంగా ఉన్నా, దగ్గరి గ్రంథి ఉబ్బి ఉన్నా, ఒక చిన్న ముక్కను ఫార్మలిన్‌లో కాకుండా సెలైన్‌లో వేసి వెంటనే పంపండి. మిగతా తిత్తిని మాత్రం ఆలస్యం చేయకుండా ఫార్మలిన్‌లోనే వేయండి, ఎందుకంటే పసరు తగులుతూ ఉంటే లోపలి పొర కొన్ని గంటల్లోనే కుళ్లిపోయి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. తిత్తిని బంధువుల చేతికిచ్చి ల్యాబులో ఇచ్చుకోమని పంపే చోట్ల, అది ఒక రాత్రంతా నీళ్ల సీసాలో ఉండిపోయి నా దగ్గరికి వచ్చిన రోజులు ఉన్నాయి.

పాథాలజీ పక్కన పెడితే, మీ అమ్మగారికి ఛాతీ ఎక్స్‌రే, దగ్గు ఉంటే కళ్లె పరీక్ష, కడుపు సీటీ స్కాను, షుగరు, హెచ్‌ఐవీ, లివర్ పరీక్షలు చేయించాలి. సాయంత్రాలు సన్నజ్వరం, రాత్రి చెమటలు, ఆకలి తగ్గడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నాయేమో ఆమెను నిదానంగా అడగండి. ఆడవాళ్లు చాలామంది ఇవి ఎవరూ అడగకపోతే చెప్పరు. ఇంట్లో గానీ, పనిచోట గానీ ఎవరికైనా టీబీ వచ్చిందేమో కూడా గుర్తు చేసుకోండి. చర్మం మీద చేసే మాంటూ పరీక్ష, ఐజీఆర్‌ఏ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చినా దానికి పెద్ద విలువ ఇవ్వకండి, ఎప్పుడో క్రిమి ఒంట్లోకి వచ్చిందని మాత్రమే అవి చెబుతాయి, మన దేశంలో పెద్దవాళ్లలో అది చాలామందికి పాజిటివే. రక్తంలో టీబీ యాంటీబాడీలు చూసే పరీక్షలను కేంద్ర ప్రభుత్వం 2012లోనే నిషేధించింది, ఎవరైనా అలాంటిది రాస్తే చేయించకండి.

ఇవన్నీ అయ్యాక నిర్ణయం సాధారణంగా కష్టం కాదు. క్రిమి కనిపించినా, సీబీనాట్ పాజిటివ్ వచ్చినా, మరోచోట క్షయ బయటపడినా మందులు వాడవలసిందే. పిత్తాశయం తీసేశారు కదా, జబ్బు పోయింది కదా అనుకోకూడదు, ఎందుకంటే క్రిమి అక్కడికి వేరే చోటి నుంచే వచ్చింది. క్రిమి దొరకకపోయినా స్పష్టమైన కేసియేషన్ ఉండి, వేరే కారణం ఏదీ కనిపించకపోతే, మన దేశ పరిస్థితుల్లో మందులు మొదలుపెట్టమనడం సబబే. నేనే మీ డాక్టరునైతే అలాగే చెబుతాను. నురగ కణాలు, పసరు కనిపించి, కేసియేషన్ లేకుండా, మిగతా పరీక్షలన్నీ శుభ్రంగా ఉంటే ఏ మందులూ అవసరం లేదు, తిత్తి తీయడమే వైద్యం, అది అయిపోయింది. ఎటూ తేలని మధ్యస్థ స్థితి కూడా ఒకటి ఉంటుంది. కేసియేషన్ లేని గ్రాన్యులోమాలు ఒకటి రెండు ఉండి, పసరూ కనిపించక, క్రిమీ దొరకనప్పుడు, ఆరోగ్యంగా ఉన్న మనిషికి మందులు పెట్టకుండా మూడు నెలలకు, ఆరు నెలలకు బరువు, లక్షణాలు, స్కాను చూస్తూ కనిపెట్టుకుని ఉండడమే మేలు.

మందులు వాడవలసి వస్తే భయపడకండి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు, బరువును బట్టి రోజూ వేసుకునే కలిపిన మాత్రలుగా ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ప్రైవేటులో చూపించుకున్నా టీబీ రోగుల కోసం ప్రభుత్వం నడిపే నిక్షయ్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి, 2012 నుంచి టీబీ కేసును తెలియజేయడం డాక్టరుకు తప్పనిసరి. పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు రోగి ఖాతాలో పడతాయి. పిత్తాశయం తీసినవారికి ఇక్కడ ప్రత్యేకంగా ఒక జాగ్రత్త చెప్పాలి. రిఫాంపిసిన్ మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది మందు రంగే, ప్రమాదం కాదు. కానీ కళ్లు పచ్చబడినా, దురద పుట్టినా, మలం తెల్లబడినా, అన్నం వాసనకే వికారం పుట్టినా అది మందు రంగు అనుకుని ఊరుకోకండి. అది మందుల వల్ల వచ్చిన కామెర్లు కావచ్చు, లేదా పిత్తనాళంలో మిగిలిపోయిన రాయి కావచ్చు, నాళానికి ఆపరేషనులో తగిలిన దెబ్బ కూడా కావచ్చు. ఈ మూడింటికీ వైద్యం పూర్తిగా వేరు. అందుకే మందులకు ముందు లివర్ పరీక్షలు చేయించి ఆ కాగితం దాచుకోండి. తరువాత ఏఎల్‌టీ అనే విలువ లక్షణాలతో పాటు సాధారణ హద్దుకు మూడు రెట్లు దాటినా, లక్షణాలు లేకుండా అయిదు రెట్లు దాటినా ఆ రోజే డాక్టరును కలవాలి.

బంధువులు ఎత్తిన క్యాన్సర్ మాటకు కూడా జవాబు చెప్పాలి. జాంథోగ్రాన్యులోమా ఉన్న పిత్తాశయం స్కానులో అచ్చం క్యాన్సర్‌లా కనిపించగలదు. గోడ మందమెక్కుతుంది, కాలేయానికి అంటుకుపోతుంది, సీఏ 19-9 అనే రక్తపరీక్ష విలువ కూడా పెరగవచ్చు. సీటీలో గోడ లోపల నల్లని చుక్కలు ఉండి, లోపలి పొర గీత తెగకుండా ఉంటే జాంథోగ్రాన్యులోమా వైపు మొగ్గుతాం. ఈ రెండూ ఒకే తిత్తిలో కలిసి ఉండే సందర్భాలు కొన్ని ఉన్నాయి, కాబట్టి తిత్తిని ఎక్కువ చోట్ల కోసి చూడమని నేను గట్టిగా చెబుతాను. మిగిలిన తిత్తి ముక్కలను ల్యాబులు కొన్ని వారాలు మాత్రమే ఉంచి తరువాత పారేస్తాయి. మీ రిపోర్టులో రెండో మూడో ముక్కలు మాత్రమే చూసినట్టు ఉంటే, ఈ వారమే వెళ్లి మిగిలినదాన్ని పారేయవద్దని, మరికొన్ని ముక్కలు తీసి చూడమని రాతపూర్వకంగా అడగండి. గంగానది పరీవాహక ప్రాంతంతో పోలిస్తే మన తెలుగు రాష్ట్రాల్లో పిత్తాశయ క్యాన్సర్ తక్కువే. బయాప్సీలో పాథాలజిస్టు క్యాన్సర్ లేదని స్పష్టంగా రాసి ఉంటే ఆ భయం పక్కన పెట్టవచ్చు.

స్లైడులు, బ్లాకులు తీసుకునేటప్పుడు బ్లాకు అంచున రాసిన నంబరు, స్లైడు మీది నంబరు, రిపోర్టులోని నంబరు మూడూ ఒకటేనో కాదో అక్కడే నిలబడి మీరే సరిచూసుకోండి. బ్లాకును ఎండలో, కారు డాష్‌బోర్డు మీద ఉంచకండి, మైనం కరుగుతుంది. రెండో రిపోర్టు వచ్చాక అందులోని మాటలు ఉన్నవి ఉన్నట్టుగా రాసి పంపితే, నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.